ఒక సంఘటన, ముగ్గురి మాట: పొంతన కుదరని కథనాలతో కథ రాయడం ఎలా

ఒకే సంఘటనని ముగ్గురు మూడు రకాలుగా చెప్పే కథ ఒకటి రాయాలని చాలామందికి ఉంటుంది. మొదలుపెట్టినవాళ్లలో సగం మంది రెండో కథనం దగ్గరే నీరసపడిపోతారు. చెప్పిందే మళ్లీ చెబుతున్నట్టు వాళ్లకే అనిపిస్తుంది. పూర్తిచేసినవాళ్లలో ఎక్కువమంది చివర్లో "ఎవరి నిజం వాళ్లది" అని చేతులు దులిపేసుకుంటారు. ఇరవై పేజీలు చదివిన పాఠకుడికి ఒళ్లు మండేది అక్కడే.

ఈ రెండు గండాలూ దాటడానికి ఒక పద్ధతి చెబుతాను. ఉదాహరణకి ఒకే కథ తీసుకుందాం, మొదటి నుంచి చివరి దాకా దాన్నే కడదాం. ఊరు విశాఖపట్నం. రోజు 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు.

ముందు సంఘటన ఎంచుకోండి

హత్య అక్కర్లేదు. హత్య పెడితే పాఠకుడు డిటెక్టివ్ అయిపోయి, హంతకుడు ఎవరో తేల్చమని మీ పీక మీద కూర్చుంటాడు. అరగంటలో అయిపోయే చిన్న విషయం చాలు. ఫిషింగ్ హార్బర్లో వేలంపాట దగ్గర ఎవరు ముందు రేటు అన్నారన్న గొడవ, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు సీటు మీద వేసిన రుమాలు ఎవరు తీసేశారన్న తగువు, పెళ్లిలో కనపడకుండా పోయి మర్నాడు దొరికిన గొలుసు, ఇలాంటివి సరిపోతాయి. ఒక్క షరతు: ఆ అరగంటలో కనీసం ఇద్దరు తర్వాత తలుచుకుని సిగ్గుపడే పని ఏదో చేసి ఉండాలి. సిగ్గు లేనిచోట అబద్ధం పుట్టదు.

మన సంఘటన ఇది. లాసన్స్ బే కాలనీలో ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంట్. తుపాను పూట మెట్ల దగ్గర గ్రిల్ గేటుకి తాళం పడింది. బయట రేకుల షెడ్డులో వాచ్‌మన్ కుటుంబం ఉంది. పెరట్లో బాదం చెట్టు ఆ షెడ్డు మీద పడింది. ఎవరూ చావలేదు. గ్రిల్ ఎప్పుడు తీశారు అన్నదొక్కటే ప్రశ్న.

అసలు జరిగింది మీకు మాత్రం తెలియాలి

చాలామంది ఈ మెట్టు ఎక్కరు. "నిజం ఎవరికీ తెలియదు" అన్నది ఇలాంటి కథకి అందం కదా, రచయితకి కూడా తెలియకపోతే ఏం అంటారు. పాఠకుడికి తెలియకపోవడం వేరు, రాసేవాడికి తెలియకపోవడం వేరు. మీకే తెలియకపోతే ముగ్గురి మాటలూ గాల్లో ఉంటాయి, ఎక్కడా ఒకదానికొకటి తగలవు.

అందుకని ఒక కాగితం తీసుకుని, ఎవరికీ చూపించని భాషలో, పోలీసు రిపోర్టులా పొడిగా రాసుకోండి. మన కథలో అసలు జరిగింది ఇది: గ్రిల్ గాలికి టపటపా కొట్టుకుంటోందని అసోసియేషన్ సెక్రటరీ తాళం వేశాడు. తర్వాత చెట్టు షెడ్డు మీద పడింది. వాచ్‌మన్ భార్య అప్పలనరసమ్మ పిల్లని చంకనేసుకుని వచ్చి గ్రిల్ బాదింది. సెక్రటరీకి వినిపించింది. తీస్తే గాలి లోపలికి కొట్టి ఏమవుతుందోనని భయపడి, గాలి ఆగేదాకా దిగలేదు. వాచ్‌మన్ సింహాచలం ఆ టైములో అక్కడ లేడు. సాయంత్రాలు వాళ్లు వీధి చివర టిఫిన్ బండి పెడతారు. అసోసియేషన్ వాళ్లు అది పెట్టొద్దన్నారు. ఆ బండిని స్తంభానికి కట్టడానికి అతను వెళ్లాడు, భార్యనీ పిల్లనీ రేకుల కింద వదిలేసి.

చూశారా, బాధపడ్డ మనిషి దగ్గర కూడా దాచుకునేది ఒకటి ఉంది. ఇది ముఖ్యం. డబ్బున్నవాడు అబద్ధాలకోరు, పేదవాడు సత్యహరిశ్చంద్రుడు అని పెట్టారంటే మీకు మూడు కథనాలు అనవసరం, ఒక కరపత్రం చాలు.

కదలనివి నాలుగు పాతండి

మనుషులు అబద్ధం ఆడగలరు గాని వస్తువులు ఆడలేవు. కాబట్టి ఏ సాక్షీ మార్చలేని విషయాలు నాలుగైదు కథలో పాతిపెట్టాలి. పాఠకుడు వాటిని పట్టుకునే ముగ్గురినీ కొలుస్తాడు. గడియారాలూ సీసీ కెమెరాలూ మాత్రం పెట్టకండి, అవి తీర్పు చెప్పేస్తాయి. ఆ సంఘటన స్వభావంలోంచే పుట్టేవి వెతకండి.

హుద్‌హుద్ ఎందుకు ఎంచుకున్నానో ఇప్పుడు చెబుతాను. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకి 170–180 కిలోమీటర్లు అని వాతావరణ శాఖ చెప్పింది. తుపాను కన్ను నగరం మీదుగా పోవడంతో నడుమ కాసేపు గాలి పడిపోయింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. తర్వాత మళ్లీ మొదలైంది, ఈసారి రెండోవైపు నుంచి. మన బంగాళాఖాతం తుపాన్ల గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తుపాను తూర్పు నుంచి మన మీదికి వస్తున్నంతసేపూ ఉత్తరపు గాలి కొడుతుంది. కన్ను దాటి తుపాను పడమటికి వెళ్లాక గాలి దక్షిణం నుంచి తిరగబడుతుంది.

ఇక లెక్క చూడండి. షెడ్డు చెట్టుకి దక్షిణాన ఉంది. చెట్టు షెడ్డు మీద పడింది. అంటే దాన్ని పడేసింది ఉత్తరపు గాలి. అంటే గాలి ఆగకముందే పడింది. "గాలి ఆగాక, రెండో విడతలో పడింది" అని ఎవరైనా అంటే వాళ్లు అబద్ధం ఆడుతున్నారు, లేదా మరచిపోయారు. ఈ మాట కథలో మీరు ఎక్కడా అనరు. షెడ్డు ఏ దిక్కున ఉందో ఒకడి నోట, గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో ఇంకొకడి నోట వస్తుంది. రెండూ కలుపుకునే పని పాఠకుడిది. కలుపుకోలేని పాఠకుడు కూడా కథ హాయిగా చదువుకోగలగాలి, అది వేరే విషయం.

మీ కథలో తుపాను ఉండకపోవచ్చు. చేపల హార్బర్ కథ అయితే వేట నిషేధం ఉంది: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. "మే నెలలో వేటకెళ్లినప్పుడు" అని ఒక బోటు ఓనరు నోరు జారితే చాలు, అతని మిగతా మాటలన్నీ పాఠకుడు అనుమానంగా వింటాడు.

ఎవరి పరువు ఎక్కడుంది

ఈ పద్ధతికి రషోమాన్ అని పేరు స్థిరపడిపోయింది, 1950లో జపాన్ దర్శకుడు కురొసావా తీసిన సినిమా వల్ల. దాని కథ ప్రధానంగా అకుతగావా 1922లో రాసిన చిన్న కథలోంచి వచ్చింది. అడవిలో ఒక సమురాయ్, అంటే పాతకాలపు జపాన్ యోధుడు, చచ్చిపోయి ఉంటాడు. దొంగ "నేనే చంపాను" అంటాడు. భార్య కూడా "నేనే" అంటుంది. చనిపోయినవాడి ఆత్మ పూనకంలో వచ్చి "నన్ను నేనే పొడుచుకున్నాను" అంటుంది. ఈ తరహా కథ రాయాలనుకునేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇక్కడుంది: ముగ్గురిలో ఒక్కరు కూడా తప్పించుకోవడానికి అబద్ధం ఆడటం లేదు. ముగ్గురూ నేరం నెత్తిన వేసుకుంటున్నారు. దొంగకి తన మగతనం, భార్యకి తన మానం, సమురాయ్‌కి తన గౌరవం ప్రాణం కంటే ఎక్కువ.

మనవాళ్ల మాటలో చెప్పాలంటే పరువు. శిక్షకి భయపడి ఆడే అబద్ధం పేలవంగా ఉంటుంది, ఒక ప్రశ్నకే ఊడిపోతుంది. పరువు కోసం ఆడే అబద్ధాన్ని మనిషి తనే నమ్మేస్తాడు. కాబట్టి ఒక్కొక్క పాత్ర పక్కనా ఒక్క వాక్యం రాసుకోండి: "ఈ మనిషి తనని ఎలా అనుకోవాలని చూస్తున్నాడు?"

సెక్రటరీ: ఆపద వేళ అందరినీ కాపాడిన పెద్దమనిషి. అప్పలనరసమ్మ: మొగుడు పక్కనే ఉండి చూసుకున్న ఇల్లాలు. సెక్రటరీ కొడుకు, అప్పుడు తొమ్మిదేళ్లవాడు: మంచి నాన్న కొడుకు. ఈ మూడు వాక్యాలు కుదిరితే సగం కథ అయిపోయినట్టే.

ఎవరితో చెబుతున్నారు

తేలిగ్గా మరచిపోయే మెట్టు ఇది. అకుతగావా కథలో దొంగ అధికారి ముందు చెబుతాడు, భార్య గుడిలో చెప్పుకుంటుంది, చనిపోయినవాడు పూనకం వచ్చిన మనిషి నోట పలుకుతాడు. వినేవాడు మారితే మాట మారుతుంది. మన ముగ్గురికీ ముగ్గురు వినేవాళ్లని పెడదాం: సెక్రటరీ ఫ్లాట్ కొనడానికి వచ్చిన కొత్తాయనతో చెబుతాడు. అప్పలనరసమ్మ కొత్తవలసలో అక్కతో చెబుతుంది. కుర్రాడు ఇంజనీరింగ్ హాస్టల్లో రూమ్మేట్‌తో చెబుతాడు. ఎప్పుడు చెబుతున్నారు అన్నది కూడా రాసుకోండి. వారం తర్వాత చెప్పిన మాటకీ, పదేళ్ల తర్వాత చెప్పిన మాటకీ నునుపులో తేడా ఉంటుంది. చాలాసార్లు చెప్పి అరిగిన కథలో పక్కవాడి మాటలు కూడా పొల్లు పోకుండా వస్తాయి. మొదటిసారి చెప్పేవాడు తడబడతాడు.

ఇప్పుడు గొంతు

ముందు సెక్రటరీ:

"వాస్తు చూశారా సార్? వాచ్‌మన్ షెడ్డు దక్షిణం గోడకి, చెట్లు దానికి ఉత్తరంగా. నేను దగ్గరుండి పెట్టించాను. హుద్‌హుద్ నాడు బాదం చెట్టు సరిగ్గా ఆ షెడ్డు మీదే పడింది. అయినా ఒక్క మనిషికి గీత పడలేదు. ఎందుకంటే మధ్యలో గాలి ఆగింది కదా, ఆ గ్యాప్‌లో నేనే వెళ్లి వాళ్లని లోపలికి పిలిచేశాను. తర్వాతే పడింది చెట్టు. నేను ఐదు నిమిషాలు లేటు చేసుంటే? ఊహించుకోండి. గ్రిల్‌కి తాళం అంటే అది సేఫ్టీ సార్, ఎప్పుడూ ఉండేదే."

తాళం గురించి ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పించడం, నమ్మలేని గొంతుని పట్టించడానికి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే శుభ్రమైన పని. కథనానికి ఒక్కసారి చాలు. రెండుసార్లు చేస్తే పాఠకుడికి మీ చెయ్యి కనబడిపోతుంది. వాస్తు గొప్ప చెప్పుకుంటూ దిక్కు తనే బయటపెట్టేశాడు, అదీ చూడండి. కదలని విషయం ఎప్పుడూ గొప్ప చెప్పుకునే చోటే దాక్కోవాలి. అక్కడ ఎవరూ అనుమానించరు.

ఇక అప్పలనరసమ్మ:

"ఏటని సెప్పమంటావప్పా. సెట్టు ఇరిగి రేకుల మీద పడిపోనాది. గుంటని సంకనేసుకుని నానూ మీ మరిదీ ఒకటే పరుగు. గ్రిల్లు కాడ తాళం. కొట్టినాం, కొట్టినాం, సేతులు వాసిపోనాయి. పైన కర్టెను కదిలినాది, నా కళ్లతో సూసినాను. గాలి ఆగినాక దిగొచ్చినాడా బాబు. 'అయ్యో, ఇప్పుడే వినపడింది' అన్నాడు. గుంట వణికిపోతన్నాది. ఈయన బండి ఒగ్గీసి... బండేటి, ఏటీ నేదు, అదంతా ఇప్పుడెందుకు."

ఆమె చెప్పిన పెద్ద విషయం నిజం, చిన్న విషయం అబద్ధం. సెక్రటరీకి అటుది ఇటు: వాస్తు, గ్యాప్ వంటి చిన్నవి నిజం, పెద్దది అబద్ధం. ఇలా తూకం మార్చకపోతే ముగ్గురూ ఒకే రకం అబద్ధాలకోరుల్లా తయారవుతారు.

యాస గురించి ఒక మాట. ఉత్తరాంధ్ర యాస రాయడం రాకపోతే రెండు మూడు క్రియలతో సరిపెట్టండి. ప్రతి పదాన్నీ వంకర తిప్పితే అది వెక్కిరింపు అవుతుంది, సినిమాల్లో చూస్తున్నాం కదా. ఇంకో ప్రమాదం: యాస ఒక్క వాచ్‌మన్ భార్యకే పెట్టి, మిగతావాళ్లకి పుస్తకాల తెలుగు ఇవ్వడం. సెక్రటరీకీ యాస ఉంది. "సేఫ్టీ", "గ్యాప్", "సార్" అన్నవి అతని యాస. దాన్నీ అంతే శ్రద్ధగా వినండి.

చివరగా కుర్రాడు:

"పొద్దున ముందు గదిలో, ఉత్తరం కిటికీ అద్దం పగిలింది రా. అమ్మ మమ్మల్ని వెనక గదిలోకి లాక్కెళ్లిపోయింది. గాలి ఆగి మళ్లీ మొదలైతే ఈసారి వెనక గది అద్దాలు పోయాయి, మళ్లీ ముందుకి పరిగెత్తాం. హోరులో ఏమీ వినపడలేదు మాకు. థర్డ్ ఫ్లోర్ వాళ్ల కుక్క మాత్రం ఆపకుండా అరిచింది, అది గుర్తుంది. ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే వాచ్‌మన్ అంకుల్ వీధి చివర నుంచి ఒక్కడే తోపుడుబండి లాక్కొస్తున్నాడు. ఒక చక్రం లేదు. నాన్న అప్పుడే పైకొచ్చాడు, చేతిలో తాళంచెవి. నాన్న చాలా మంచోడు రా. ఆ రోజు వాళ్లకి మా ఇంట్లోనే అన్నం పెట్టాడు."

ఈ పిల్లాడు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, "ఏమీ వినపడలేదు" అన్నది తప్ప. అదీ మరు వాక్యంలోనే కుక్క వచ్చి చెడగొట్టింది. మూడో అంతస్తు కుక్క వినపడ్డప్పుడు కింద గ్రిల్ బాదుతుంటే వినపడదా? వాడు పదేళ్లుగా తనని తాను నమ్మించుకున్న మాట అది. అబద్ధం, పొరపాటు, దాపరికం, ఈ మూడూ వేరువేరుగా వాడుకోవాలి. ముగ్గురి చేతా అబద్ధమే ఆడిస్తే కథ పంచాయతీలా తయారవుతుంది. నిజాయితీగా పొరబడటానికి మన కథలో కావలసినంత అవకాశం ఉంది: కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, ఎవరికీ టైము తెలియదు. "గంటసేపు బాదాను" అని ఆమె అంటే అది పది నిమిషాలు కావచ్చు. అది అబద్ధం కిందికి రాదు.

వరస, పొడవు

మొదట వచ్చినవాడిని పాఠకుడు నమ్ముతాడు, అది మనుషుల బలహీనత. కాబట్టి మొదట అబద్ధం పెద్దగా ఉన్నవాడిని, అందునా మాట తీపిగా ఉన్నవాడిని పెట్టండి. చివర్లో అందరికంటే తక్కువ తెలిసినవాడిని పెట్టండి. తనకేం తెలుసో తనకే తెలియని మనిషి ముగింపుకి బాగా పనికొస్తాడు.

రెండో కథనం మొదటిదానిలో సగం ఉండాలి. సంఘటనని మళ్లీ మొదటి నుంచి చెప్పించకండి. సెక్రటరీ ఉదయం నుంచి మొదలుపెడితే, అప్పలనరసమ్మ చెట్టు పడటంతో మొదలుపెట్టాలి, కుర్రాడు గది మారడంతో మొదలుపెట్టాలి. ముగ్గురి కథనాల్లోనూ కలిసే క్షణం ఒక్కటే ఉండాలి. ఇక్కడ అది తాళం తీసిన క్షణం. ఆ ఒక్కచోట మాత్రం ముగ్గురి చేతా వివరంగా చెప్పించండి, ముగ్గురి చేతిలోనూ ఏదో ఒక వస్తువు ఉండేలా చూసుకోండి.

ఈ వస్తువుల కిటుకు కోర్టుల నుంచి వచ్చింది. తీరిక ఉంటే ఒక పూట జిల్లా కోర్టులో వెనక బెంచీలో కూర్చుని క్రాస్ ఎగ్జామినేషన్ వినండి. మామూలు కేసుల విచారణ ఎవరైనా వెళ్లి వినొచ్చు. మంచి లాయరు "మీరు చూశారా" అని అడగడు. "అప్పుడు మీ చేతిలో గొడుగుందా? అది ఏ చేత్తో పట్టుకున్నారు?" అని అడుగుతాడు. సాక్షి పెద్ద అబద్ధానికి సిద్ధమై వస్తాడు గాని గొడుగుకి సిద్ధమై రాడు. రావిశాస్త్రి ఈ ఊళ్లోనే ప్లీడరీ చేశారు. ఆయన పాత్రలు నోరు తెరిస్తే సాక్షి బోనులో నిలబడినట్టే ఉంటుందంటే ఆశ్చర్యం లేదు.

రాశాక మూడు రంగుల పెన్నులు తీసుకోండి. ఒక కాగితం మీద నిలువు గీతలు గీసి ఒక్కో పాత్రకీ ఒక గడి ఇవ్వండి, అడ్డంగా ఒక్కో క్షణం రాయండి. ముగ్గురూ ఒప్పుకున్నవి ఒక రంగు, కాదన్నవి ఒకటి, ఒకరు మాత్రమే చెప్పినవి ఒకటి. ఒప్పుకున్నవి మరీ తక్కువైతే ఇది ఒకే సంఘటన అని నమ్మడం కష్టం. కాదన్నవి ఎక్కువైతే గందరగోళం. నాకు నచ్చే కథల్లో ఒకరు మాత్రమే చెప్పినవి ఎక్కువ ఉంటాయి. టిఫిన్ బండి అలాంటిది, ఒకరు దాచబోయారు, ఒకరు పట్టించుకోకుండా చెప్పేశారు.

నిజం చెప్పాలా వద్దా

నాలుగో గొంతు పెట్టి "అసలు జరిగింది ఇది" అని తేల్చే ఆశ పుడుతుంది. కురొసావా, అడవిలో శవాన్ని మొదట చూసిన కట్టెలు కొట్టేవాడి చేత రెండోసారి చెప్పించాడు, మూల కథలో అది లేదు. కానీ సినిమాలో ఆ కట్టెలు కొట్టేవాడిదీ పూర్తిగా నమ్మదగ్గ మాట కాదని తేలుతుంది, అతనూ ఒకటి దాచాడు. అలా చేయగలిగితే పెట్టండి. లేదంటే వద్దు. మామ్మగారొకరు చివర్లో వచ్చి అంతా విప్పి చెప్పేస్తే, అంతదాకా పాఠకుడు పడ్డ కష్టం వృథా.

ఇక పరీక్ష. ముగ్గురికి చదవమని ఇవ్వండి, అందులో ఒకరు కథలు పెద్దగా చదవనివాళ్లు ఉండాలి. "బాగుందా" అని అడగకండి, బాగుందనే అంటారు. "గ్రిల్ ఎప్పుడు తీశారు, ఆ టైములో వాచ్‌మన్ ఎక్కడున్నాడు" అని అడగండి. జవాబులు రెండు రకాలుగా వచ్చి, ఎవరికి వాళ్లు కథలోంచి ఒక వాక్యం చూపించి వాదించుకుంటే కథ పంపించేయండి. ముగ్గురూ తెల్లమొహం వేస్తే కదలనివి సరిగ్గా పాతలేదు, ఇంకొకటి పాతండి. ముగ్గురూ టకటకా ఒకే జవాబు చెప్పేస్తే ఎక్కడో మీరే నోరు జారారు. ఎక్కువగా అది చివరి కథనంలో చివరి పేరాలో ఉంటుంది, ముందు అక్కడే వెతకండి.